బంతిలోంచి లేచిన పిల్ల

మొన్న సంక్రాంతికి, కనుమ నాటి మధ్యాహ్నం, ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో మా మేనకోడలు భోజనాల బంతిలోంచి లేచిపోయింది. పదకొండేళ్ల పిల్ల. విస్తట్లో కొరికిన గారె కొరికినట్టే ఉంది, కలిపిన అన్నం కలిపినట్టే ఉంది. ఎడమచేత్తో చెవి గట్టిగా మూసుకుని, ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. దాని పక్కనే కూర్చున్న మా నాన్న, పీల్చి పిప్పి చేసిన మునక్కాడ వేళ్ల మధ్య పట్టుకుని, ఏమైందోనని అందరి మొహాలూ చూస్తున్నారు.

“ఏటే, బంతి మజ్జిలోంచి లెగిసిపోతావేటి? తాత ఇంకా తింతన్నాడు కదా!” అని మా అమ్మ కేకేసింది. మా తమ్ముడు దాన్ని లాక్కొచ్చి కూర్చోబెట్టబోయాడు. చుట్టాలావిడ ఒకరు “ఇప్పటి పిల్లలకి పెద్దలంటే లెక్క లేదమ్మా” అన్నారు. పొగరు, గారాబం, ఫోన్లు చూసి పాడైపోవడం, దిష్టి, అన్ని కారణాలూ నిమిషంలో వచ్చేశాయి.

నాకు మాత్రం ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. అదే ఇంట్లో, అదే మనిషి పక్కన, దాని వయసులోనే నేనూ అలాగే చెవులు మూసుకున్నాను.

మా నాన్న పొద్దున్నే పొలం వెళ్లేముందు అరుగు మీద కూర్చుని చోడంబలి తాగేవారు. పక్కన ఒక ఉల్లిపాయ. గిన్నె అంచు పెదవికి ఆనించి ఒక జుర్రు. తర్వాత గుటక. గుటక దిగాక నోరు తెరిచి ఒక “హా”. ఆపైన ఉల్లిపాయ కొరికిన కరకర. నేను లోపల గదిలో పుస్తకం ముందేసుకుని ఆ నాలుగు చప్పుళ్లనీ వరసగా లెక్కపెట్టేదాన్ని. చప్పుడు కన్నా, చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఉండే ఖాళీ ఎక్కువ బాధ పెట్టేది. ఇప్పుడొస్తుంది, ఇదిగో వస్తుంది అని వెన్ను బిగబట్టుకుని కూర్చునేదాన్ని. మెడ వెనక వేడి పుట్టేది. గుప్పిళ్లు బిగుసుకునేవి. నాకు తెలియకుండానే నా దవడ కూడా ఆయన నమిలే లయకి కదిలేది. ఆయనతో పాటు కదిపితే ఆ బాధ ఒక పిసరు తగ్గేది. అంబలి అయిపోయాక ఆయన గిన్నె కడుక్కుని, నా తల మీద చెయ్యి వేసి “బాగా సదువుకో అమ్మా” అని వెళ్లేవారు. అప్పుడు సిగ్గుతో కుంచించుకుపోయేదాన్ని. ఇంత మంచి మనిషి మీద అంత కోపం ఎక్కణ్ణించి వచ్చిందో నాకే తెలిసేది కాదు.

నావి పాము చెవులనేది మా అమ్మ. టెన్త్ అయ్యాక శ్రీకాకుళంలో ఒక చెవుల డాక్టరుకి చూపించారు. హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. రిపోర్టు నార్మల్. అందరికీ ఎంత వినిపిస్తుందో నాకూ అంతే వినిపిస్తోంది. “చెవిలో ఏం లేదు, పిల్లకి కాస్త ఓర్పు నేర్పండి” అన్నారాయన. ఆ మాట మా ఇంట్లో ఇరవై ఏళ్లు నిలబడింది. చెవిలో ఏం లేదన్నది నిజమే. ఓర్పు లేదన్నది మాత్రం నిజం కాదు. రోజుకి మూడు పూటలా కంచం ముందు నేను పట్టిన ఓర్పు ఎవరికీ కనపడలేదు, అంతే.

దీనికి ఒక పేరుంది, మిసోఫోనియా. చెవిలో హోరు గురించి ఏళ్ల తరబడి పనిచేసిన మార్గరెట్ జాస్ట్రెబాఫ్, పావెల్ జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రవేత్తలు 2001లో అమెరికాలో ఈ పేరు పెట్టారు. గ్రీకులో ‘మిసోస్’ అంటే ద్వేషం, ‘ఫోనే’ అంటే ధ్వని. పేరు దొరకడం నాకు పెద్ద ఊరటే గానీ, అందులోని ద్వేషం అన్న మాట ఇప్పటికీ మింగుడుపడదు. నేను శబ్దాన్ని ద్వేషించను. ఆ శబ్దం వచ్చిన క్షణంలో నా ఒళ్లు నా చేతిలో ఉండదు, నా బాధంతా అది. తెలుగులో మనం దీన్ని చిరాకు అనేస్తాం. కరెంటు పోతే చిరాకు, బస్సు లేటైతే చిరాకు, ఉక్కపోస్తే చిరాకు. అన్నిటికీ అదే మాట వాడటం వల్ల “చిరాకు తగ్గించుకో” అని సలహా ఇవ్వడం కూడా సులువైపోయింది. మా వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. వాళ్ల దగ్గర ఉన్న మాట అదొక్కటే.

పెద్ద శబ్దాలు పడవేమో అనుకుంటారు చాలామంది. పెద్ద శబ్దాలు భరించలేకపోవడం వేరే సమస్య, దానికి వేరే పేరుంది. ఉద్యోగం విజయనగరంలో కాబట్టి ప్రతి ఏటా దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూస్తాను. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా ఇసుక వేస్తే రాలని జనం. డప్పులు, తప్పెటగుళ్లు, మైకులు, సిరిమాను కదిలినప్పుడు ఒక్కసారిగా లేచే కేకలు. అంత హోరులో నిలబడి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టుకుంటాను. ఒంట్లో ఒక్క నరం బిగుసుకోదు. ఆ రాత్రి గదికి వచ్చాక, నాతో ఉండే అమ్మాయి చెంచాతో గిన్నె అడుగు గీకుతూ పెరుగన్నం తింటే చాలు, నేను డాబా మీదికి వెళ్లిపోవాలి. “అంత గోలలో ఉండగలిగినదానివి, ఈ మాత్రం ఓర్చుకోలేవా?” అని అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. చాలా ఏళ్లు నా దగ్గర జవాబు లేదు.

జవాబు 2017లో వచ్చింది. ఇంగ్లాండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో సుఖ్‌బిందర్ కుమార్, ఆయన తోటి పరిశోధకులు మిసోఫోనియా ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మూడు రకాల శబ్దాలు వినిపించి, మెదడుని స్కాన్ చేసి చూశారు. ఒకటి వాన పడటం, నీళ్లు మరగడం లాంటి మామూలు శబ్దాలు. రెండోది పసిబిడ్డ గుక్కపట్టి ఏడవడం, మనిషి కెవ్వున అరవడం లాంటివి, ఎవరికైనా ఇబ్బందిగా ఉండేవి. మూడోది నమలడం, ఊపిరి తీయడం. మొదటి రెండు రకాలకీ ఇద్దరి మెదళ్లూ దాదాపు ఒకేలా స్పందించాయి. మూడో రకానికి మాత్రం మిసోఫోనియా ఉన్నవాళ్లలో ఇన్సులా అనే చోట ముందు భాగం విపరీతంగా పనిచేసింది. చుట్టూ జరిగేవాటిలో దేన్ని తప్పక పట్టించుకోవాలో తేల్చే చోటు అది. గుండె వేగం పెరిగింది, చర్మం మీద చెమట పెరిగింది. నటించి తెచ్చుకోగలిగినవి కావవి. పసిబిడ్డ ఏడుపుని అందరిలాగే ఓర్చుకునే మనిషి, పక్కవాడు నమిలితే ఓర్చుకోలేకపోవడం గుణం లోపం ఎలా అవుతుంది?

అదే పరిశోధకులు 2021లో మరో సంగతి తేల్చారు. మిసోఫోనియా ఉన్నవాళ్లలో వినికిడికి సంబంధించిన భాగానికీ, నోరూ గొంతూ కదిపే భాగానికీ మధ్య లంకె మామూలు కన్నా బలంగా ఉందట. ఎదుటివాళ్ల నోటి చప్పుడు వినగానే మన నోటిని కదిపే భాగం కూడా మేలుకుంటుందన్నమాట. అది చదివిన రాత్రి ఫోను పక్కన పెట్టి చాలాసేపు కూర్చుండిపోయాను. అరుగు మీద నాన్న నములుతుంటే లోపలి గదిలో కదిలిన నా దవడ గుర్తొచ్చింది. అది నేను ఎవరికీ చెప్పుకోలేదు. పిచ్చి అంటారని.

ఏ శబ్దాలు అని అడిగితే మొదటి స్థానం నోటిదే. నమలడం, చప్పరించడం, జుర్రడం, గుటక. ఆ తర్వాత ముక్కూ గొంతూ. ముక్కు ఎగబీల్చడం, గొంతు సవరించుకోవడం, పక్కవాళ్లు నిద్రలో తీసే ఊపిరి కూడా. ఇందులో మర్యాదకి చోటు లేదని గమనించాలి. నోరు మూసుకుని పద్ధతిగా తినేవాళ్ల దగ్గర కూడా నాకు అంతే. “చప్పుడు చెయ్యకుండా తినమని చెప్పొచ్చు కదా” అనేవాళ్లకి ఇదే చెప్తాను, నా బాధకీ వాళ్ల పద్ధతికీ సంబంధం లేదు. తర్వాత చేతుల చప్పుళ్లు. పెన్ను టకటక, బల్ల మీద వేళ్లు, మెటికలు, చిప్స్ ప్యాకెట్ గరగర.

నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తాను. ఏడాదంతా క్లాసు గోల నాకు హాయి. ఇంటర్ పరీక్షలకి ఇన్విజిలేషన్ పడితే మాత్రం ముందు రోజు నుంచే టెన్షన్. మూడు గంటల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో జలుబు చేసిన ఒక కుర్రాడు పావు నిమిషానికోసారి ముక్కు ఎగబీలుస్తాడు. పాపం, వాడికి రుమాలు కూడా ఉండదు. వాణ్ణి ఏమీ అనకూడదు, అనను. హాలు ఆ చివరికి నడుస్తాను. అక్కడ ఇంకో పిల్ల పెన్ను నొక్కుతూ ఆలోచిస్తూ ఉంటుంది. మధ్యలో, ఫ్యాన్ కింద నిలబడి, చేతిలోని సుద్దముక్కని పొడి పొడి అయ్యేదాకా నలుపుతాను. బెల్లు కొట్టేసరికి నా అరచెయ్యంతా తెల్లగా ఉంటుంది. చెమటతో తడిసి ముద్దగా ఉంటుంది.

చెవితో ఆగదు ఇది. పక్కవాళ్లు కాలు ఊపుతుంటే, చప్పుడు లేకపోయినా, కంటి కొసన ఆ కదలిక చాలు. దానికి మిసోకినీషియా అని పేరు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో నాలుగు వేలమందికి పైగా అడిగి చూస్తే, సుమారు మూడో వంతు మంది ఎదుటివాళ్ల ఇలాంటి కదలికలు తమని ఎంతో కొంత ఇబ్బంది పెడతాయన్నారు. కూర్చుని కాళ్లూపితే దరిద్రమని మన ఇళ్లలో ఎప్పటినుంచో కసురుతారు కదా. ఆ మాట మొదట అన్న పెద్దమ్మ ఎవరో గానీ, ఆవిడకి దరిద్రం కన్నా ముందు ఆ కదలికే పడలేదేమో అని నాకు అనుమానం.

నాకు పనికొచ్చిన ఆధారం ఒకటి మా పెరట్లోనే ఉండేది. మా గేదె నెమరు వేస్తుంటే పక్కనే కూర్చుని చదువుకునేదాన్ని. నమలడం అంటే అంతకన్నా నమలడం ఉంటుందా? దవడ పక్కకి తిరగడం, నురగ, చప్పుడు అన్నీ ఉన్నాయి. నాకు నిద్రొచ్చేంత హాయిగా ఉండేది. తర్వాత తెలిసింది, చాలామందికి ఇంతేనని. పశువులు, పసిపిల్లలు తింటే పట్టదు, పెద్దవాళ్లు తింటేనే. అందులోనూ బయటివాళ్ల కన్నా సొంతవాళ్లు. అంటే శబ్దం చెవిలో పడగానే తీర్పు అయిపోవడం లేదు. ఎవరిది, ఎక్కడ, తప్పించుకునే దారి ఉందా అని మెదడు లెక్క వేసుకుంటోంది. రోజూ వినేది, లేచి పోవడానికి వీల్లేనిది, ఏమైనా అంటే మనసు నొచ్చుకునే మనిషిది అయితే ఇక చెప్పక్కర్లేదు. ప్రేమ లేకపోవడం వల్ల వచ్చిందని అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు. మా నాన్న మీద ప్రేమ లేకపోతే ఆ గదిలోంచి నేను ఎప్పుడో బయటికి నడిచేదాన్ని.

ఇంటర్‌లో ఉండగా ఒక రోజు ఓర్చుకోలేక అన్నాను. “మనిషిలా తినలేవా నాన్నా?” అని. ఇంట్లో అందరూ ఉన్నారు. ఆయన ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కున్నారు. తర్వాత చాలా రోజులు అన్నం క్యారేజీలో పొలానికి పట్టుకెళ్లిపోయారు. కళ్లం దగ్గర ఒక్కరూ కూర్చుని తినేవారని మా తమ్ముడు చెప్పాడు. దాని గురించి ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర మాటే లేదు అప్పుడు.

“అలవాటైతే అదే పోతుంది” అన్న సలహా గురించి గట్టిగా చెప్పాలి. మా బావలు నన్ను అలవాటు చేద్దామనే చెవి దగ్గర బఠాణీలు నమిలేవారు. నవ్వుతూనే చేసేవారు. అలవాటు కాలేదు సరికదా, అంతకు ముందు పట్టని బఠాణీల చప్పుడు కూడా పట్టుకుంది. ఒకసారి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ నుంచి రైల్లో విజయనగరం వస్తుంటే, పొందూరు దాటాక ఎదురు సీట్లో ఒకాయన వేరుశనక్కాయలు విప్పడం మొదలెట్టారు. తొక్క టప్పుమనడం, పప్పు కొరకడం, మళ్లీ తొక్క. నిలబడటానికి కూడా చోటు లేని రద్దీ. చీపురుపల్లిలో దిగిపోయాను. తర్వాతి రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. ఆ రోజు మొదటి క్లాసు పోయింది. ఎందుకు లేటని అడిగితే బండి లేటన్నాను. మిసోఫోనియా ఉన్నవాళ్లు ఇలాంటి అబద్ధాలు ఎన్ని ఆడతారో!

ఓర్పు నేర్పడం అంటే మనిషిని శబ్దంలో ముంచి ఉంచడం కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2013లో దీన్ని ఒక ప్రత్యేకమైన మానసిక సమస్యగా గుర్తించాలని వైద్యులు ప్రతిపాదించారు. ఆ తర్వాత అక్కడే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీతో, అంటే ఆలోచననీ ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే చికిత్సతో, జరిపిన ప్రయోగంలో కొందరికి చెప్పుకోదగ్గ మేలు జరిగింది, అందరికీ కాదు. అది తెలిసిన మనిషి పక్కనుండి, అడుగడుగునా చేయించేది. బావలు బఠాణీలతో చేసేది కాదు. మానసిక వైద్యులు జబ్బుల జాబితాగా వాడే డీఎస్ఎం పుస్తకంలో దీనికింకా చోటు లేదు. పరిశోధకులంతా కలిసి ఒక నిర్వచనానికి రావడమే 2022లో జరిగింది. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, ఇది లేదు. సర్టిఫికెట్ కోసం నేను అడగడం లేదు. కాగితం లేదు కాబట్టి బాధ లేదనే వాదన ఒప్పుకోవద్దని మాత్రం అడుగుతున్నాను. 2023లో బ్రిటన్‌లో వెలువడిన అధ్యయనం ప్రకారం అక్కడ సుమారు 18 శాతం మందికి ఇది బతుకుని ఇబ్బంది పెట్టే స్థాయిలో ఉంది. ఆ లెక్క మన దగ్గర అంతే ఉంటుందని అనను. అయితే మన బంతుల్లో, మన క్లాసుల్లో ఇలాంటి పిల్లలు లేరని ఎవరూ అనలేరు.

“దీని ఒక్కదాని కోసం ఇంటిల్లిపాదీ నోరు కట్టుకోవాలా?” అని మా తమ్ముడు అడిగాడు ఆ కనుమ రోజు, నేను దాన్ని వెనకేసుకొస్తుంటే. అక్కర్లేదు. మునక్కాడని పీల్చకుండా తినమనడం కన్నా అన్యాయం ఉండదు. అంబలిని జుర్రకుండా ఎలా తాగుతారు? మన తిండి చప్పుడుతో కూడిన తిండి, ఆ చప్పుడులోనే తృప్తి ఉంది, వండినమ్మకి అదే మెప్పు. తినేవాళ్లది తప్పు కాదు. ఆ మాట నేను ఇంటర్‌లో తెలుసుకుని ఉంటే మా నాన్న కళ్లం దగ్గర ఒంటరిగా తినేవారు కాదు.

నేను అడిగేది లేచిపోనివ్వమని. అందరూ ముగించేదాకా బంతిలోంచి లేవకూడదన్న మర్యాద నాకు తెలుసు. నెమ్మదిగా తినే పెద్దవాళ్లు తొందరపడి లేవకూడదని పెట్టిన మంచి మర్యాద అది. కానీ ఒక పిల్ల కంచం పట్టుకుని పక్క గదికి వెళ్తే, వెనకనుంచి కేక వెయ్యకుండా ఉండటం కూడా మర్యాదే. తెచ్చిపెట్టుకున్న కోపమా అని పరీక్షించడానికి కావాలని చప్పుడు చెయ్యకండి. చివరి చోటు ఇవ్వండి. ఫ్యాన్ వెయ్యండి, రేడియో పెట్టండి, పొయ్యి మీద ఏదైనా కుతకుతలాడనివ్వండి. కొద్దిపాటి హోరు ఉంటే చాలు, సగం భారం దిగుతుంది. క్లాసులో అయితే కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

ఇంత తెలిసిన నేను ఏళ్లు గడిచినా ఇంట్లో నోరు విప్పలేదు. ఉద్యోగం వేరే ఊళ్లో, భోజనం విడిగా, నా బాధ నేను సర్దుకున్నాననుకున్నాను. నేను ముందే చెప్పి ఉంటే ఆ పిల్లకి ఆ రోజు ఆ మాటలు పడేవి కావు. ఆ తప్పు నాదే.

ఆ మధ్యాహ్నం నేను పెరట్లోకి వెళ్లేసరికి మేనకోడలు నూతి గట్టు దగ్గర కూర్చుని ఏడుస్తోంది. చెయ్యి కడిగాను. చాలాసేపటికి అంది, “తాతంటే నాకు ఇష్టమే అత్తా. నిజంగా.” నాకు తెలుసన్నాను. “మరి తాత తింటుంటే కొట్టాలనిపిస్తుంది. నేను చెడ్డదాన్నా?” అంది. పదకొండేళ్లప్పుడు నేను ఎవరినీ అడగలేకపోయిన ప్రశ్న అది. కాదని చెప్పాను. పేరు చెప్పాను. రెండుసార్లు పలికించుకుంది.

ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. అంబలి, దవడ, ఇంటర్‌లో అన్న మాట, అన్నీ. అమ్మ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాన్న చివరిదాకా విన్నారు. “అప్పుడే సెప్పుంటే నాను పెరట్లో తాగేవోన్ని కదమ్మా” అన్నారు.

ముక్కనుమ పొద్దున్న మెలకువ వచ్చేసరికి అరుగు మీద ఏదో ఈడుస్తున్న చప్పుడు. తొంగిచూస్తే నాన్న టేబుల్ ఫ్యాన్ తెచ్చి, తనకీ గుమ్మానికీ మధ్యలో పెడుతున్నారు. జనవరి చలి, భుజం మీద దుప్పటి. స్విచ్చి వేసి, దుప్పటి తల మీదికి లాక్కుని, అంబలి గిన్నె చేతిలోకి తీసుకున్నారు. మేనకోడలు గడప ఇవతల కూర్చుని నిన్నటి గారె తింటోంది.